బెయిలు, జామీను, విడుదల

పోలీసులు అరెస్టు చేసిన వ్యక్తి, కేసు తేలకముందే, పిలిచినప్పుడల్లా కోర్టుకు వస్తానన్న షరతు మీద బయటికి రావడం బెయిలు. అతను రాకపోతే ఇంత సొమ్ము కడతానని మరొకరు కోర్టుకు రాసిచ్చే పూచీ జామీను. ఈ రెండూ అయ్యాక జైలు గేటు దాటడం విడుదల. ‘బెయిల్ మంజూరు’ అని పేపర్లో వచ్చిన రోజుకీ మనిషి ఇల్లు చేరిన రోజుకీ మధ్య కొందరికి కొన్ని గంటలే పడుతుంది, కొందరికి నెలలు పడుతుంది. కోర్టు తీర్పుల్లోని మంచి మాటలు ఎక్కువగా మంజూరు గురించే ఉంటాయి. కుటుంబాలు నలిగేది మాత్రం ఆ తర్వాతే.

ఈ వ్యవహారమంతా 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) కింద నడుస్తోంది. అంతకుముందు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఉండేది. పాత కోడ్‌లో బెయిలు గురించి ఒక అధ్యాయమే ఉన్నా బెయిలంటే ఏమిటో ఎక్కడా నిర్వచించలేదు. కొత్త చట్టం ఆ పని చేసింది. సెక్షన్ల నంబర్లన్నీ మారినా వకీళ్లు, పోలీసులు ఇప్పటికీ ‘41ఏ నోటీసు’ అనే అంటారు, కొత్త నంబరు 35(3) అయినా సరే.

మొదటి రోజు

అరెస్టు సంగతి ఇంటికి చాలాసార్లు పక్కింటివాళ్ల నోటనో స్నేహితుడి ఫోన్లోనో తెలుస్తుంది. చట్టప్రకారం ఆ కబురు చెప్పాల్సింది పోలీసులే. అరెస్టయిన వ్యక్తి ఎవరి పేరు చెబితే వాళ్లకు, బంధువైనా స్నేహితుడైనా, అరెస్టు సంగతీ ఎక్కడ ఉంచిందీ వెంటనే తెలియజేయాలి. అరెస్టు మెమో రాసి, దానిమీద కుటుంబ సభ్యుడితోనో ఊళ్లో పరువున్న వ్యక్తితోనో సాక్షి సంతకం పెట్టించాలి. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు పెట్టిన ఈ నియమాలు తర్వాత చట్టంలోకే ఎక్కాయి. విచారణ జరిగేటప్పుడు వకీలును కలిసే హక్కు ఉంది, అయితే విచారణ సాగినంతసేపూ వకీలు పక్కన ఉండటానికి వీల్లేదు. ఎందుకు అరెస్టు చేశారో చెప్పకపోతే అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు 2023 నుంచి వరుసగా ఇచ్చిన తీర్పుల్లో గట్టిగా చెబుతోంది. 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో ఇదే మాట మళ్లీ అంది. బెయిలు వాదించే వకీలు ఇప్పుడు మొదట వెతికేది ఆ కారణాల కాగితం కోసమే.

రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం, ప్రయాణానికి పట్టే సమయం పోను, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఆదివారమైనా పండగైనా ఈ గడువుకు సెలవు లేదు. కోర్టు తెరవని రోజుల్లో మేజిస్ట్రేటు ఇంటి దగ్గరే హాజరుపరుస్తారు. మహిళలను పొద్దుగూకాక, తెల్లవారకముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వకంగా కారణం చూపి మేజిస్ట్రేటు అనుమతి ముందుగా తీసుకోవాలి.

కుటుంబం కనుక్కోవాల్సినవి మూడు: ఏ స్టేషను, క్రైమ్ నంబరెంత, ఏ సెక్షన్లు. ఇవి తెలియకుండా వకీలు దగ్గరికి పరిగెత్తినా ఆయన మొదట అడిగేది వీటినే. మహిళలపై లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌ను 24 గంటల్లో వెబ్‌సైట్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. రెండు తెలుగు రాష్ట్రాల పోలీసు వెబ్‌సైట్లలోనూ వాటిని వెతుక్కోవచ్చు. ‘మీ అబ్బాయిని పట్టుకున్నాం, ఈ నంబరుకు డబ్బు పంపితే వదిలేస్తాం’ అని వీడియో కాల్ వస్తే అది మోసమే. ఫోన్లో చేసే ‘డిజిటల్ అరెస్టు’ అన్నది మన చట్టంలో లేదు. బెయిలు సొమ్మును పోలీసులు ఫోన్‌పేలో కట్టించుకోరు.

ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు లేకుండానే నోటీసిచ్చి పిలిపించడం మామూలు పద్ధతి కావాలని 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు చెప్పింది. ఈ కేసుల్లో అరెస్టు తప్పదనుకుంటే ఎందుకు తప్పదో పోలీసులు రాసి చూపాలి, మేజిస్ట్రేటు దాన్ని చూడకుండా రిమాండుకు పంపకూడదు. మూడేళ్లలోపు శిక్ష పడే నేరమై, నిందితుడు అరవై దాటినవాడో బలహీనుడో అయితే డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి ముందుగా ఉండాలన్నది కొత్త చట్టం చేర్చిన మాట.

ఏ కోర్టుకు వెళ్లాలి

నేరాలను చట్టం రెండుగా విడగొట్టింది: బెయిలబుల్, నాన్‌బెయిలబుల్. మొదటి రకంలో బెయిలు హక్కు. స్టేషన్లోనే పూచీకత్తు తీసుకుని పంపేస్తారు, జనం దీన్నే ‘స్టేషన్ బెయిల్’ అంటారు. రెండో రకం పేరు విని బెయిలే రాదని హడలిపోయేవాళ్లున్నారు. అది నిజం కాదు, అక్కడ బెయిలు హక్కుగా కాక న్యాయమూర్తి విచక్షణ మీద వస్తుందని మాత్రమే అర్థం.

జీవిత ఖైదో మరణశిక్షో పడే నేరాల్లో మేజిస్ట్రేటు సాధారణంగా బెయిలివ్వలేరు. సెషన్స్ కోర్టుకు, అక్కడా కాకపోతే హైకోర్టుకు వెళ్లాలి. మహిళలు, పిల్లలు, జబ్బుపడ్డవారు, బలహీనుల విషయంలో మేజిస్ట్రేటుకు కూడా వెసులుబాటు ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల దారి వేరు. వారిని జైలుకు పంపకూడదు, జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తేవాలి. అరెస్టవుతామన్న భయంతో ముందే కోరే ముందస్తు బెయిలు బ్రిటిష్ కాలపు 1898 కోడ్‌లో లేదు. లా కమిషన్ 41వ నివేదిక సిఫార్సుతో 1973 కోడ్‌లోకి వచ్చింది. దానికి కాలపరిమితి తప్పనిసరి కాదని 2020లో సుశీలా అగర్వాల్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కేసుల్లో ముందస్తు బెయిలుకు ఆ చట్టమే అడ్డు చెబుతుంది.

రిమాండు ఒక్కసారికి పదిహేను రోజులకు మించకూడదు. మన దగ్గర పత్రికల్లో కనిపించే ‘14 రోజుల రిమాండ్’ ఆ లెక్కలోదే, అది శిక్ష కాదు. గడువు తీరే ముందు మళ్లీ పొడిగిస్తారు, ఈమధ్య ఎక్కువగా వీడియోలోనే. బెయిలు పిటిషన్ వేశాక ప్రభుత్వ న్యాయవాదికి (పీపీ) నోటీసు వెళ్తుంది. పీపీ పోలీసుల నుంచి వివరాలు తెప్పించుకుని కౌంటర్ వేస్తారు. వాయిదాలు ఎక్కువగా ఈ కౌంటర్ దగ్గరే పడుతుంటాయి. పోలీసులు కస్టడీ పిటిషన్ వేస్తే బెయిలు వాదన ఇంకా వెనక్కి జరగడం కద్దు. ఈలోగా కుటుంబానికి మిగిలేది ములాఖత్. ఆధార్ చూపించి, పేరు రాయించుకుని, వంతు వచ్చేదాకా కూర్చోవడం.

బెయిలివ్వడం, ఇవ్వకపోవడం న్యాయమూర్తి మనసును బట్టి కాకుండా సూత్రాన్ని బట్టి జరగాలన్న చర్చలో ఒక మేలిమలుపు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. గుడికంటి నరసింహులు వర్సెస్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కేసులో కింది కోర్టు నిర్దోషులన్నవారికి హైకోర్టు శిక్ష వేసింది. సుప్రీంకోర్టులో అప్పీలు తేలేదాకా వారిని బయట ఉంచాలా లోపలా అన్నది ప్రశ్న. 1977 డిసెంబరులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ బెయిలిస్తూ, ఇది రాజ్యాంగం 21వ అధికరణలోని స్వేచ్ఛకు సంబంధించిన సంగతి అని నిలబెట్టారు. నేటికీ బెయిలు పిటిషన్లలో ఆ కేసు పేరు కనిపిస్తుంది.

జామీనుదారులు

బెయిలు ఉత్తర్వులో దాదాపు ఎప్పుడూ కనిపించే వాక్యం ఒకటుంది. నిందితుడు ఇంత మొత్తానికి సొంత పూచీకత్తు ఇవ్వాలి, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులను చూపాలి, వారు ఫలానా మేజిస్ట్రేటుకు తృప్తికరంగా ఉండాలి. ఆ మొత్తం అతిగా ఉండకూడదని చట్టం చెబుతుంది. చిక్కు మొత్తంలో కన్నా ఆ ‘ఇద్దరు’ దగ్గరే ఎక్కువ. పది వేల రూపాయలు అప్పు పుడతాయి. కోర్టుకు వచ్చి నిలబడే ఇద్దరు మనుషులు పుట్టరు.

జామీను ఉండేవారికి స్థిరాస్తో స్థిరమైన జీతమో ఉండాలి. ఊళ్లో అయితే పట్టాదారు పాస్‌పుస్తకం, పట్నంలో అయితే సొంతింటి పన్ను రసీదు, ఉద్యోగి అయితే జీతం సర్టిఫికెట్. వీటితోపాటు ఆధార్, ఫొటోలు, ఇంతకుముందు ఎంతమందికి జామీను ఉన్నారో చెప్పే డిక్లరేషన్. ఆ డిక్లరేషన్ చట్టమే అడుగుతుంది. ఇంటిపన్ను రసీదులో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఇంకో రకం స్పెల్లింగ్ ఉంటే ఆ పూట పోయినట్టే. కాగితాలు సరిపోయాక జామీనుదారు స్వయంగా బోనులోకి వెళ్లాలి. మేజిస్ట్రేటు చిన్న ప్రశ్నలే అడుగుతారు: ఇతను నీకేమవుతాడు, ఏం పని చేస్తావు, ఇతను కోర్టుకు రాకపోతే డబ్బు నువ్వు కట్టాల్సి వస్తుందని తెలుసా. ఆ చివరి ప్రశ్న దగ్గర ‘ఆలోచించుకుని వస్తానండీ’ అనేవాళ్లూ ఉంటారు. తప్పు పట్టడానికి లేదు. నిందితుడు పారిపోతే కోర్టు ఆ పూచీ మొత్తాన్ని జరిమానాగా వసూలు చేయగలదు, దయతలచి కొంత తగ్గించనూవచ్చు. అందుకే మేనమామో బావమరిదో ఎంత దగ్గరివాళ్లయినా, ఇంట్లోవాళ్లతో మాట్లాడకుండా సంతకం పెట్టరు.

అద్దె ఇళ్లలో ఉండేవారికి, వలస కూలీలకు, బయటి రాష్ట్రాల లారీ డ్రైవర్లకు ఇది గోడలా నిలబడుతుంది. వాళ్ల చుట్టూ ఉన్న మనుషులకు వాళ్లలాగే ఆస్తులుండవు, ఆస్తులున్నవాళ్లు వాళ్లను ఎరగరు. ఈ ఖాళీలోకే కోర్టు ఆవరణలో తిరిగే కిరాయి జామీనుదారులు వచ్చి చేరారు. ఒకే ఇంటి కాగితంతో ఇరవై మందికి పూచీ పడటం, నకిలీ పన్ను రసీదులు చూపడం వంటి కేసులు పోలీసు రికార్డుల్లో ఎక్కుతూనే ఉంటాయి. వాళ్లను పట్టుకోవడం అవసరమే. కానీ ఆస్తి కాగితాన్ని మనిషి నమ్మకానికి కొలతగా పెట్టినంతకాలం ఆ వ్యాపారం ఆగదని ఒప్పుకోవాలి.

సుప్రీంకోర్టు ఈ సంగతిని 1978లోనే చూసింది. మోతీరాం అనే తాపీ పనివాడికి మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు పదివేల జామీను అడిగాడు. అన్న ముందుకొస్తే, అతనూ అతని ఆస్తీ వేరే జిల్లావని కాదన్నాడు. కృష్ణయ్యర్ ఆ రెండింటినీ తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. మరుసటి ఏడాది హుస్సేనారా ఖాతూన్ కేసు వచ్చింది. బీహార్ జైళ్లలో, నేరానికి పడగల శిక్షకన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే గడిపిన వారి గురించి పత్రికలో వచ్చిన కథనాల ఆధారంగా న్యాయవాది పుష్ప కపిల హింగోరాని వేసిన పిటిషన్ అది. సొంత పూచీ మీదే వదిలేయవచ్చన్న మాట అక్కడ బలపడింది. నలభై ఏళ్లు దాటాక, 2023 జనవరి 31న, స్థానిక జామీనుదారే కావాలని పట్టుబట్టవద్దని అదే కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చిందంటే కింది కోర్టుల్లో పాత అలవాటు ఎంత గట్టిదో తెలుస్తుంది. 2024 ఆగస్టులో ఇంకో కేసు. ఒక వ్యక్తికి వేర్వేరు రాష్ట్రాల్లోని పదమూడు కేసుల్లో బెయిలొచ్చింది, ప్రతి కేసుకూ వేరు జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోయాడు. ఒక్కో రాష్ట్రంలోని కేసులన్నింటికీ ఒకే జామీనుదారులను చూపుకునేందుకు సుప్రీంకోర్టు అనుమతించింది.

అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ పద్ధతి తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ చాలా రాష్ట్రాల్లో మనిషి పూచీకి బదులు డబ్బు పూచీ. బెయిలు బాండు కంపెనీకి కొంత రుసుము కడితే అది కోర్టుకు హామీ ఉంటుంది. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా ప్రభుత్వమే పన్నిన వలలో చిక్కిన భారతీయ విద్యార్థుల్లో తెలుగువారు చాలామంది. వాళ్లకు మాత్రం ఇమిగ్రేషన్ బాండు వర్తించింది. అక్కడ చట్టబద్ధంగా ఉంటున్నవారు ఎవరో ఒకరు ఆ సొమ్ము కట్టాల్సి ఉండటంతో తెలుగు సంఘాలు పరుగులు పెట్టాయి. మన దేశంలోనూ పూచీకత్తుకు బదులు నగదు డిపాజిట్‌కు చట్టం అనుమతిస్తుంది, కానీ అది కోర్టు ఒప్పుకుంటేనే.

కాగితం జైలు చేరడం

జామీను ఖరారయ్యాక కోర్టు నుంచి జైలు సూపరింటెండెంట్‌కు రిలీజ్ ఆర్డరు వెళ్తుంది. జైలువాళ్లు పేరు, తండ్రి పేరు, క్రైమ్ నంబరు, సెక్షన్లు తమ రికార్డుతో సరిపోల్చుకుంటారు. ఒక సెక్షన్ తప్పిపోయినా ఆర్డరు తిరిగి కోర్టుకు పోతుంది. సాయంత్రం లెక్కలు చూసి బ్యారక్‌లకు తాళాలు వేశాక వచ్చిన కాగితం సాధారణంగా మర్నాటి పనే. 2024 డిసెంబరు 13న సంధ్య థియేటర్ తొక్కిసలాట కేసులో అరెస్టయిన సినీ నటుడు అల్లు అర్జున్‌కు తెలంగాణ హైకోర్టు అదే సాయంత్రం మధ్యంతర బెయిలిచ్చింది. అయినా ఆయన ఆ రాత్రి చంచల్‌గూడ జైల్లోనే గడిపి మర్నాడు ఉదయం బయటికి వచ్చారు. పెద్ద వకీళ్లున్న, రాష్ట్రమంతా కళ్లప్పగించి చూస్తున్న కేసులోనే అలా జరిగింది.

2021 జులైలో ఆగ్రా జైల్లోని పదమూడుగురికి సుప్రీంకోర్టు బెయిలిచ్చాక కూడా రోజులు గడిచాయి, కారణం ఉత్తర్వు అందకపోవడం. ఈ కాలంలోనూ ఉత్తర్వులు పావురాలతో పంపాలా అని అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ వ్యాఖ్యానించారు. అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉన్న పొన్నవరానికి చెందిన ఆయన హయాంలోనే 2022 మార్చి 31న ‘ఫాస్టర్’ అనే ఎలక్ట్రానిక్ వ్యవస్థ మొదలైంది. 2023 జనవరి ఆదేశాల ప్రకారం బెయిలు ఉత్తర్వు ప్రతిని కోర్టు అదే రోజు లేదా మర్నాడు ఈమెయిల్‌లో జైలుకు పంపాలి. ఏడు రోజుల్లో ఖైదీ బయటికి రాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి. నెలలోగా జామీను పెట్టలేకపోతే షరతు సడలించే సంగతి కోర్టు తనంతట తానే చూడవచ్చు. ఈ ఆదేశాల గురించి ఖైదీ ఇంటివాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. అది అడిగి తీసుకోవాల్సిన హక్కు.

ఇంకో ఆటంకం పీటీ వారెంటు. ఒక కేసులో బెయిలొచ్చి గేటు దాకా వచ్చిన మనిషిని, ఇంకో స్టేషన్ పోలీసులు తమ కేసులో హాజరుపరచాలంటూ కోర్టు నుంచి తెచ్చే కాగితంతో మళ్లీ పట్టుకుపోతారు. వకీలు బెయిలు పిటిషన్ వేయకముందే మరెక్కడైనా కేసులున్నాయేమో కనుక్కోవడం అందుకే.

గడువు తప్పితే

దర్యాప్తు పూర్తిచేసి ఛార్జిషీటు వేయడానికి పోలీసులకు గడువుంది. పదేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో 90 రోజులు, మిగతావాటిలో 60. ఆ గడువు దాటిన మర్నాడు ఛార్జిషీటు ఇంకా రాకముందే అడిగితే బెయిలు హక్కుగా వస్తుంది. కేసు ఎంత తీవ్రమైనదన్నది అప్పుడు ప్రశ్న కాదు. ఆ ఒక్క రోజు ఏమరితే, ఛార్జిషీటు పడిపోతే, హక్కు పోతుంది. కొత్త చట్టంలో పోలీసు కస్టడీని మొదటి 40 లేదా 60 రోజుల్లో విడతలుగా తీసుకునే వీలు కల్పించడం న్యాయవాదుల్లో ఇప్పటికీ నలుగుతున్న మాట.

విచారణ సాగుతుండగానే నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపినవారికి, తొలిసారి నేరారోపణ ఎదుర్కొంటున్నవారికైతే మూడో వంతుకే, విడుదల అవకాశం కొత్త చట్టం 479వ సెక్షన్ ఇస్తుంది. మరణశిక్ష, జీవిత ఖైదు పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. కోర్టుకు ఆ సంగతి రాసి పంపే బాధ్యత జైలు సూపరింటెండెంట్‌ మీదే పెట్టారు. 2022 జాతీయ జైలు గణాంకాల ప్రకారం దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే.

బెయిలు గట్టిగా బిగిసే చట్టాలు కొన్ని ఉన్నాయి. మాదక ద్రవ్యాల చట్టంలో నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని కోర్టుకు తోచాలి, పైగా మళ్లీ చేయడని కూడా అనిపించాలి. గంజాయికి ఈ బిగింపు 20 కిలోలు దాటితే మొదలవుతుంది. విశాఖ మన్యం నుంచి సరుకు తరలిస్తూ పట్టుబడే డ్రైవర్లు, మోతగాళ్లు చిక్కుకునేది ఇక్కడే. యూఏపీఏ, మనీ లాండరింగ్ చట్టాల్లోనూ ఇలాంటి తలుపులే. విచారణ ఏళ్లు సాగితే ఆ తలుపులు కూడా తెరుచుకోవచ్చని 2021లో నజీబ్ కేసు చెప్పింది.

వీటన్నిటికన్నా భిన్నమైనది పీడీ యాక్టు, అంటే ముందస్తు నిర్బంధ చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో 1986లో వచ్చిన ఈ చట్టం కింద చేసిన నిర్బంధానికి బెయిలు పిటిషన్ చెల్లదు, ఎందుకంటే అక్కడ నేరారోపణ లేదు, భవిష్యత్తు గురించిన అనుమానమే ఉంది. ఏడాది దాకా ఉంచవచ్చు. సలహా మండలి ముందు చెప్పుకోవాలి, లేదా హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయాలి. బెయిలొచ్చిన వాళ్లమీద వెంటనే పీడీ ఉత్తర్వు ఇవ్వడాన్ని, చట్టాన్ని యాంత్రికంగా వాడటాన్ని తెలంగాణ కేసుల్లో 2022లోనూ 2023లోనూ సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది.

వకీలుకు డబ్బు లేకపోతే

న్యాయసేవల చట్టం 1987 ప్రకారం కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. మొదటిసారి రిమాండుకు తెచ్చినప్పుడే ‘నాకు వకీలు లేడు’ అని మేజిస్ట్రేటుతో చెప్పవచ్చు. జిల్లా కోర్టు ప్రాంగణంలోనే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది, హెల్ప్‌లైన్ 15100. జామీను సొమ్ము కట్టలేని విచారణ ఖైదీలకు రూ.40,000 దాకా ఇచ్చేలా 2023లో కేంద్రం పేద ఖైదీల పథకం తెచ్చింది. బెయిలబుల్ నేరంలో వారంలోగా జామీను చూపలేకపోతే ఆ వ్యక్తిని పేదవాడిగానే పరిగణించాలని చట్టంలోనే ఉంది.

బయటికి వచ్చాక

షరతులు ఉత్తర్వులోనే ఉంటాయి. ప్రతి ఆదివారం ఫలానా స్టేషన్లో సంతకం, పాస్‌పోర్టు అప్పగింత, సాక్షుల జోలికి వెళ్లకపోవడం, జిల్లా దాటకపోవడం. ఫోన్లో గూగుల్ మ్యాప్స్ పిన్ పోలీసులకు ఎప్పుడూ కనిపించేలా పెట్టాలన్న షరతును 2024 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఉద్యోగం కోసం ఊరు మారాల్సినవారు షరతు సడలించమని పిటిషన్ వేసుకోవచ్చు. ఒక్క వాయిదాకు రాకపోయినా నాన్‌బెయిలబుల్ వారెంటు రావచ్చు, జామీనుదారులకు నోటీసు వెళ్లవచ్చు. భయపడ్డ జామీనుదారు ఎప్పుడైనా తన పూచీ రద్దు చేయమని కోర్టును కోరవచ్చు. అప్పుడు నిందితుడిని వారెంటు మీద పిలిపించి కొత్త జామీను పెట్టమంటారు, పెట్టలేకపోతే మళ్లీ జైలే.

కేసు ముగిసే వేళ కోర్టు ఇంకో బాండు అడుగుతుంది. తీర్పు మీద పై కోర్టులో అప్పీలు పడితే హాజరవుతానని రాసిచ్చేది అది. ఆరు నెలలు అమల్లో ఉంటుంది. నిర్దోషిగా బయటపడ్డవారూ దాన్ని ఇవ్వాల్సిందే.